అన్నం గంట

"ఇంకో ముద్ద తిను పిన్నీ," అంది డాక్టర్ సలోమి.

మార్తమ్మ కంచంలోకి చూసింది. వేడన్నం, పండుమిరప పచ్చడి, పైన నూనె. పన్నెండేళ్లుగా ఆమె ముట్టని తిండి. పక్కనే పరీక్ష బల్ల ఉంది. మీట నొక్కితే తల వైపు కిందికి, కాళ్ల వైపు పైకి వంగే బల్ల. మార్తమ్మ ముక్కులోంచి అన్నవాహికలోకి దిగిన సన్నటి తీగ కంప్యూటర్‌కి తగిలించి ఉంది. ఆ గొట్టంలోకి ఒక్క చుక్క యాసిడ్ ఎగదన్నినా తెర మీది పచ్చగీత ఎర్రబడుతుంది.

"తిన్నాక తలకిందులుగా పడుకోమంటావు. మీ అమ్మ బతికుంటే నీ వీపు చీరేసేది."

"అమ్మ బతికుంటే ఈ బల్ల నీకంటే ముందు ఎక్కేది."

ఆ మాటకి మార్తమ్మ ముద్ద మింగింది. ఇంకో రెండు మింగింది. బల్లెక్కి పడుకుంది. బల్ల వంగింది.

అయిదు నిమిషాలు. పది. గీత పచ్చగానే ఉంది. తెర మూలన ఒక అంకె మాత్రం సున్నా నుంచి ఒకటికి, రెండుకి, చివరికి నాలుగుకి మారింది.

"ఆ అంకేందే?"

"నీ కడుపులోంచి నాలుగుసార్లు యాసిడ్ పైకి రాబోయింది. నాలుగుసార్లూ రింగ్ ఆపేసింది. నీకేమైనా తెలిసిందా?"

"ఏం తెలవలా," అంది మార్తమ్మ. తలకిందులుగానే ఏడ్చింది. కన్నీళ్లు కనుబొమల మీదుగా నుదుటిలోకి పారి జుట్టు తడిపాయి.

ఆ రింగ్ ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. మనం మింగిన ముద్ద అన్నవాహిక అనే గొట్టంలోంచి జీర్ణాశయంలోకి దిగుతుంది. ఆ గొట్టం అడుగున కండరాల వలయం ఒకటుంది. డాక్టర్లు దాన్ని లోయర్ ఈసోఫేజియల్ స్ఫింక్టర్ అంటారు. ముద్ద వస్తే తెరుచుకోవడం, ముద్ద దిగితే మూసుకోవడం దాని పని. జీర్ణాశయంలోని యాసిడ్‌ని తట్టుకునే పూత జీర్ణాశయానికి ఉంది, అన్నవాహికకు లేదు. వలయం వదులైతే యాసిడ్ పైకి తంతుంది. దాన్నే రిఫ్లక్స్ అంటారు. గుండెల్లో మంట, గొంతులో పులుపు, పడుకుంటే దగ్గు. ఏళ్ల తరబడి కాలితే అన్నవాహిక లోపలి పొర తన స్వభావమే మార్చుకుంటుంది. కొందరిలో అది కేన్సర్ అవుతుంది. సలోమి తల్లి దీనమ్మ అలాగే పోయింది. చివరి మూడు నెలలు మంచినీళ్లు కూడా దిగలేదు.

సలోమి పదకొండేళ్లు కష్టపడి చేసింది వేలి ఉంగరం కంటే కాస్త పెద్దదైన ఒక మెత్తటి పట్టీ. పొట్ట మీద చిన్న గాటు పెట్టి, లోపల ఆ వదులైన కండరం చుట్టూ తొడుగుతారు. పైనుంచి ముద్ద వస్తున్న అలను పసిగట్టి రింగ్ ఊరుకుంటుంది. కిందినుంచి ఒత్తిడి తగిలితే సన్నటి కరెంటు పంపి కండరాన్ని బిగిస్తుంది. లోపలికి పోయేదానికి తలుపు, బయటికి వచ్చేదానికి గోడ. ఆపిన ప్రతిసారీ ఒక అంకె వేసుకుని, ఆ లెక్కను ఫోన్ టవర్ల ద్వారా సలోమి కంప్యూటర్‌కి పంపుతుంది. ఆడకూలీలు దానికి గొళ్లెం అని పేరు పెట్టారు. పేటెంట్ కాగితాల్లో ఉన్న పేరు ఎవరికీ గుర్తు లేదు.

బల్ల నుంచి దిగాక మార్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"మరి కక్కొస్తేనో?"

సలోమి నవ్వింది. అడుగుతుందని ఆమెకు తెలుసు. కిందినుంచి వచ్చేది యాసిడా, తేన్పా, వాంతా అన్న తేడా శరీరానికి తెలుస్తుంది, రింగ్‌కి తెలియదు. అందుకే ప్రతి రింగ్‌కీ ఒక తాళంచెవి చేసింది. చింతగింజంత నల్లటి బిళ్ల. రొమ్ము ఎముక మీద పెట్టి పది లెక్కపెడితే రింగ్ రెండు నిమిషాలు వదులవుతుంది. ఎవరి బిళ్ల వారి రింగ్‌కే. మామూలు అయస్కాంతానికి లొంగదు. నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి తెరిచే వీలు కూడా ఆమె కావాలనే పెట్టలేదు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాడు పేదవాళ్ల కడుపులు తెరవకూడదు, మూయకూడదు. లేబరేటరీ తలుపు మీద సలోమి పెద్దక్షరాలతో రాయించుకుంది: విజ్ఞానం జనం సొత్తు.

మార్తమ్మ ఒకటో నంబరు బిళ్లని మెడలోని సిలువ దండకి గుచ్చుకుంది.

"ఇంక రాత్రికి దిండ్లు పేర్చుకోకుండా పడుకుంటానా?"

"పడుకుంటావు."

"బిర్యానీ?"

"తిను."

"మీయమ్మకి ఇంకొన్నాళ్లు ఓపిక ఉంటే బాగుండేదే పిల్లా."

*

గుంటూరు ఎండలు అప్పటికే మార్చిలో నలభై ఆరు దాటుతున్నాయి. మిర్చి రంగు చూసి వేరుచేసే కెమెరాలు, బస్తాలు మోసే యంత్రాలు, తేమ కొలిచే కళ్లు అన్నీ వచ్చేశాయి. తొడిమ తీసే యంత్రం మాత్రం రాలేదు. యంత్రం లాగితే కాయ పగిలి గింజ రాలుతుంది. ఆడదాని రెండు వేళ్లకు సాటి వచ్చే ఉక్కు ఇంకా పుట్టలేదు. పుట్టేదాకా ఆ వేళ్లు కావాలి. అందుకే అరుణశిఖ ఎక్స్‌పోర్ట్స్ గ్రేడింగ్ హాల్లో నాలుగు వందల మంది ఆడవాళ్లు నేల మీద కూర్చుని, ఎర్రటి రాశుల మీదికి వంగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొడిమలు తీస్తారు.

వంగడం అంటే పొట్ట రెండుగా మడవడం. తిన్న వెంటనే అలా మడిస్తే యాసిడ్‌కి పోవడానికి మిగిలేది ఒక్కటే దారి. పైగా గొంతులో మిర్చి దుమ్ము. ఆ హాల్లో మంట లేని ఆడది లేదు.

మంట వల్లే వాళ్లకు ఒకటి దక్కింది. పాతికేళ్ల కిందట, దీనమ్మ ముందు నిలబడి, ఆ హాల్లో పంతొమ్మిది రోజులు సమ్మె నడిపింది. ఆ సమ్మెకి ఉన్నది ఒకే నినాదం: "అన్నం తిన్నాక గంటసేపు వంగం!" గెలిచారు. ఆ గంటకి వాళ్లు అన్నం గంట అని పేరు పెట్టుకున్నారు. ఏ చట్టంలోనూ లేని గంట. క్యారియర్లు మధ్యలో పెట్టి, ఒకరి కూర ఒకరికి వడ్డించి, తిన్నాక గోడకు వీపు ఆనించి నిటారుగా కూర్చునేవాళ్లు. కొత్త కోడలి మీద జోకులు, చీటీల తగాదాలు, చచ్చినవాళ్ల కబుర్లు, అన్నీ ఆ గంటలోనే. ఏ మేస్త్రీ కసిరినా ఒకటే సమాధానం: "వంగితే మండుద్దయ్యా." దానికి జవాబు ఏ మేస్త్రీ దగ్గరా లేదు. ఆ గంటకి కాపలా కాసింది చట్టమూ కాదు, యూనియనూ కాదు. మంట.

సలోమికి ఇది తెలుసు. ఆ గంటలోనే దీనమ్మ ఒళ్లో కూర్చుని ఆమె ఎక్కాలు నేర్చుకుంది. అయినా ఆమెకు తట్టలేదు. మంట ఒక శత్రువని మాత్రమే పుస్తకాలు చెప్పాయి.

*

కంపెనీ మేనేజరు సుధీర్ చంద్ర లేబరేటరీకి వచ్చిన రోజు సలోమి జీవితంలో అంత సంతోషం ఎరుగదు.

"నాలుగు వందల మందికీ రింగులు మా ఖర్చుతోనే వేయిస్తాం డాక్టర్ గారూ. ఒక్క రూపాయి కూలిలో కోసేది లేదు," అన్నాడతను. మెత్తటి మనిషి. మంచినీళ్లు తెచ్చిన ఆయమ్మకి కూడా లేచి దణ్ణం పెట్టాడు. "మా అమ్మకి కూడా ఈ జబ్బే. నాకు ఆ బాధ తెలుసు."

"ఇది దయ కాదండీ. ఆరోగ్యం శ్రామికుల హక్కు," అంది సలోమి. అనకుండా ఉండలేదు.

"హక్కే. అందుకే ఉత్సాహం కోసం ఒక చిన్న ఏర్పాటు కూడా అనుకున్నాం. ఏ నెల ఎవరి రింగ్ ఒకే రోజులో ఎక్కువ రిఫ్లక్స్‌లు ఆపితే వాళ్లకి ఒక బహుమతి. మీ కంప్యూటర్ లెక్క మాకూ పంపితే చాలు."

అదీ బాగానే తోచింది. ఒప్పంద పత్రం సలోమే తయారుచేసింది. మతిమరుపు ముసలివాళ్లు గుర్తొచ్చి అందులో తన చేతులతో ఒక వాక్యం చేర్చింది: తాళంచెవి రోగి వద్ద గానీ, శిక్షణ పొందిన బాధ్యుడి వద్ద గానీ ఉండవచ్చు.

ఆ "గానీ" దగ్గర మేనేజరు పెన్ను క్షణం ఆగింది. తర్వాత సంతకం పెట్టాడు.

*

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, మార్తమ్మ తెల్లచీరలోనే సలోమి ఇంటికొచ్చింది. వెంట ఏస్తేరు ఉంది. ఏస్తేరు హాల్లో మార్తమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీసే పిల్ల, పెళ్లయి రెండేళ్లు.

"అన్నం గంట తీసేశారే," అంది మార్తమ్మ కూర్చోకుండానే.

"తీసేయడమేంటి?"

"పదినిమిషాలంట. క్యారియర్లు తేవద్దంట. కంపెనీవాళ్లే కేంటీన్ పెట్టారు. నిలబడి తిని వచ్చి వంగాలి. అదేందయ్యా అంటే కోటయ్య మేస్త్రీ ఏమంటాడో తెలుసా? 'మీకు మంట లేదుగా, ఇంక గోడకి ఆనుకుని కూర్చునేదెందుకు, కబుర్లకా?' అంటాడు. ఏం చెప్పాలే? పాతికేళ్లనుంచి మేం చెప్పిన జవాబు అదొక్కటేగా. ఇప్పుడు మండట్లా. నిజంగానే మండట్లా."



"మేమేం ఊరుకోలేదక్కా," అంది ఏస్తేరు. "పిన్నే ఉపాయం చెప్పింది. తిన్నాక అందరం బిళ్ల పెట్టుకుని పది లెక్కపెట్టాం. గొళ్లెం తీసుకున్నాం. వంగాం. నాయనో, ఏం మంటక్కా! ఉన్న రెండు నిమిషాల్లోనే గొంతుదాకా వచ్చింది. అప్పుడు అందరం గోడకి ఆనుకుని కూచున్నాం. 'మండుతుందయ్యా, ఏం చేసేది' అన్నాం. నాలుగు రోజులు గంట మాదే."

"మళ్లీ మంట తెచ్చుకున్నారా?" అంది సలోమి. "కావాలని? అమ్మ ఆ మంటతోనే కదా పిన్నీ చచ్చిపోయింది! పదకొండేళ్లు నేను పెళ్లీ పెటాకులూ లేకుండా చేసింది దేనికి? మీరు తీసి పారేయడానికా?"

"నువ్వు మంట తీసేశావు," అంది మార్తమ్మ. "మంచిదే. కానీ మాకున్న బలం అదొక్కటేనే పిల్లా. దాంతోపాటు గంట కూడా పోయిద్దని నువ్వూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు."

సలోమి అడిగింది. "అయిదో రోజు ఏమైంది?"

మార్తమ్మ మెడలో దండ పైకి తీసి చూపించింది. సిలువ ఒక్కటే ఉంది.

"ఎగుమతి సరుకులో ఇనుము కలవకూడదంట. గేటు దగ్గర ఫోన్లు, గాజులు, పిన్నీసులతో పాటు బిళ్లలు కూడా తీసుకున్నారు. మిగతావి సాయంత్రం ఇస్తారు. బిళ్లలు ఇవ్వరు. కోటయ్య దగ్గర ఇనప్పెట్టెలో ఉంటాయి. కక్కొచ్చినప్పుడు అడిగి తీసుకోవాలంట."

శరీరానికి ప్రభుత్వం ఇచ్చిన హక్కులు కొన్ని ఉంటాయి, అవి పుస్తకాల్లో ఉంటాయి. ఏ ప్రభుత్వమూ ఇవ్వని హక్కు ఒకటుంది. పడనిదాన్ని బయటికి నెట్టేసే హక్కు. పుట్టిన పదో రోజు పాపాయికి కూడా అది తెలుసు. నాలుగు వందల మంది ఆడవాళ్ల ఆ హక్కు ఇప్పుడు ఒక మేస్త్రీ ఇనప్పెట్టెలో, నంబర్లు వేసి, వరసగా పేర్చి ఉంది.

*

మర్నాడు సలోమి మేనేజరు బల్ల ముందు నిలబడి అరిచింది. దోపిడీ అంది, బానిసత్వం అంది, శ్రమజీవుల నెత్తురు అంది. చదివినవన్నీ అంది. సుధీర్ చంద్ర అంతా విన్నాడు. తర్వాత ఒప్పంద పత్రం తీసి ఆమె వాక్యాన్ని ఆమెకే చూపించాడు.

"శిక్షణ పొందిన బాధ్యుడు. కోటయ్యకి మీ లేబరేటరీలోనే ఒకరోజు శిక్షణ ఇచ్చారు డాక్టర్ గారూ. సర్టిఫికెట్ మీద సంతకం మీదే."

"ఎవరైనా నిజంగా వాంతి చేసుకోవాల్సి వస్తే?"

"పెట్టె ఉంది. కోటయ్య ఉన్నాడు." అతను కళ్లజోడు తుడుచుకున్నాడు. "మీరు నన్ను రాక్షసుడనుకుంటున్నారు. నా మీద కూడా టార్గెట్లు ఉన్నాయండీ. రేపు పక్క జిల్లాలో వాళ్లకీ మీ రింగులు వస్తే ఈ ఆర్డర్లు వాళ్లకి పోతాయి. అందరూ వేసుకున్నాక ఎవరు గంట ఇస్తే వాళ్లు మూసుకోవాలి. మీకు అభ్యంతరం ఉంటే పైన చెప్పండి. రింగ్ పథకాన్ని అన్ని పరిశ్రమలకీ ఇవ్వాలా అని బుధవారం విజయవాడలో కమిటీ కూర్చుంటోంది. మిమ్మల్నే పిలిచారు కదా."

అవును, పిలిచారు. ఆమెకు ఆశ పుట్టింది. రింగ్ ఎంత బాగా పనిచేస్తుందో ముందు చూపించాలి. అప్పుడు వింటారు. అప్పుడు బిళ్లలు ఎవరివి వాళ్లకు ఇవ్వాలనే షరతు పెట్టించాలి.

"నాకు ఒక బిళ్ల కావాలి. కమిటీకి చూపించడానికి," అంది.

"ఒక్కటే కదా. తీసుకెళ్లండి." కోటయ్య పెట్టె తెచ్చాడు. సలోమి వరసలో మొదటిది తీసుకుంది. ఒకటో నంబరు. మార్తమ్మది.

ఆ సాయంత్రమే గేటు దగ్గర మార్తమ్మకి చూపించింది. "బుధవారం ఇది పట్టుకెళ్తున్నా పిన్నీ. నీ రింగ్ లెక్క కూడా తెర మీద వేస్తా. సాయంత్రానికల్లా తెచ్చి నీ దండకి నేనే గుచ్చుతా."

"జాగ్రత్తే. పోగొట్టేవు," అంది మార్తమ్మ.

*

బుధవారం రెండున్నరకి కమిటీ హాల్లో పెద్ద తెర వెలిగింది. కార్మిక శాఖ, ఆరోగ్య శాఖ, పరిశ్రమల సంఘాలు. సలోమి కండరం బొమ్మ చూపించింది, యాసిడ్ గురించి చెప్పింది, తల్లి గురించి చెప్పింది. మాట్లాడుతున్నంతసేపూ తెర కుడివైపు మార్తమ్మ రింగ్ పంపే అంకె కనిపిస్తూనే ఉంది. మొదలుపెట్టినప్పుడు అది ఏడు. మామూలు రోజున సాయంత్రానికి పదిహేను, ఇరవై దాకా పోతుంది.

మూడు గంటలకి అంకె ఇరవై రెండు. కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

"ఇది ఇప్పుడే జరుగుతోందా అమ్మా?"

"ఇప్పుడేనండీ. గుంటూరులో ఒక కూలి మనిషి కడుపులో."

ఇరవై ఆరు. ముప్పై. సలోమి కూడా ఒకసారి తిరిగి చూసింది. "మా పిన్ని ఇవాళ పచ్చడి గట్టిగా పట్టించినట్టుంది," అంది. హాలంతా నవ్వింది. నలభై దాటాక నవ్వు ఆగి, జనం అంకెలనే చూడటం మొదలుపెట్టారు, క్రికెట్ స్కోరు చూసినట్టు. యాభై అవగానే ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. అధ్యక్షుడు కూడా కొట్టాడు.

ఇదే అదను అనుకుంది సలోమి. ఒకటో నంబరు బిళ్లని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుంది.

"ఇన్ని ఆపగల యంత్రానికి ఇదొక్కటే తాళంచెవి. ఇది ఉండాల్సింది నా చేతిలో కాదు, యజమాని చేతిలో కాదు. ఎవరి కడుపు వాళ్లది. ఎవరి తాళం వాళ్లది!"

మంచి వాక్యం. రాత్రంతా కూర్చుని రాసుకుంది. చప్పట్లు ఇంకా ఎక్కువ పడ్డాయి. ఆమె వెనక అంకె అరవై ఒకటి దగ్గర ఆగిపోయింది.

ఆమె ఫోను మోగినప్పుడు టైము నాలుగు దాటింది.

"అక్కా," అంది ఏస్తేరు. పరుగెత్తి ఆగినట్టుంది ఊపిరి. "పిన్ని బిళ్ల ఎక్కడక్కా? పెట్టెలో లేదు. ఒకటో గడి ఖాళీగా ఉంది."

*

జరిగింది ఇది. కేంటీన్‌లో ఆ రోజు పెట్టిన పప్పు ముందు రోజుది. ఎండకి పులిసిపోయింది. పదినిమిషాల్లో నిలబడి తినేవాళ్లు వాసన చూడరు, మింగుతారు. రెండు గంటలకల్లా హాల్లో కడుపులు తిప్పడం మొదలైంది. ఇంకా రింగులు వేయని కొత్తవాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లు బయటికి పరుగెత్తి కక్కుకున్నారు, నీళ్లు తాగారు, నీడలో పడుకున్నారు. సాయంత్రానికి మజ్జిగ తాగి ఇళ్లకు పోయారు.

రింగులున్నవాళ్లకి రాలేదు. కడుపు లోపలినుంచి తంతుంది, గొంతు దాకా రాదు. పొట్టలు ఉబ్బాయి. మార్తమ్మ అందరికంటే ముందు కోటయ్య దగ్గరికి వెళ్లింది. కోటయ్య చెడ్డవాడేం కాదు, ఒకసారి మోసపోయినవాడు.

"మళ్లీ మొదలుపెట్టారా నాటకం?" అన్నాడు. "అప్పుడు మంటన్నారు, ఇప్పుడు కక్కంటారు. బిళ్లలిస్తే గోడకి ఆనుకుని కూర్చుంటారు. నాకు తెలవదా మార్తమ్మా, ఇదంతా నీ నాయకత్వమే. షిఫ్టు అయ్యాక చూద్దాం."

"నిజం కోటయ్యా. నీ బిడ్డల మీద ఒట్టు."

"అప్పుడూ ఒట్టే వేశావు."

నిజమే. వేసింది.

ఫోన్లు గేటు దగ్గర ఉన్నాయి. మూడున్నరకి ఇద్దరు పడిపోయాక ఆడవాళ్లు లేచి, బస్తాలు తూచే ఇనప గుండుతో పెట్టె పగలగొట్టారు. ఎవరి నంబరు వాళ్లు వెతుక్కుని, రొమ్ము మీద పెట్టుకుని, ఏడుస్తూ పది లెక్కపెట్టారు. హాలంతా ఒక్కసారిగా కక్కింది. మిర్చి రాశుల మీద, సంచుల మీద, ఒకరి ఒళ్లో ఒకరు. బతికారు.

ఒకటో గడి ఖాళీ. మార్తమ్మ ఆ ఖాళీ వైపు చూసి అందంట: "సలోమి దగ్గరుంది. తెస్తానంది. వచ్చిద్ది."

సలోమి విజయవాడ నుంచి ఎలా వచ్చిందో ఆమెకే గుర్తు లేదు. బిళ్ల పిడికిట్లోనే ఉంది, అచ్చు పడేలా. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు, చిన్న కుర్రాడు, వరండాలోనే ఎదురొచ్చాడు. కడుపు ఖాళీ చేద్దామని గొట్టం వేస్తే దిగలేదన్నాడు. మింగే ఓపిక మనిషికి లేదు, మింగితే తప్ప రింగ్ దారి ఇవ్వదు. అన్నిసార్లు ఎగదన్నిన ఒత్తిడికి జీర్ణాశయం చిరిగింది. ఆపరేషన్ బల్ల మీదికి చేర్చేలోపే అయిపోయింది.

గదిలో ఎవరూ లేరు. సలోమి గుడ్డ పక్కకి జరిపి మార్తమ్మ రొమ్ము ఎముక మీద బిళ్ల పెట్టింది. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. లోపల ఎక్కడో రింగ్ మాట విని మెల్లగా తెరుచుకుంది.

*

విచారణ జరిగింది. సలోమి ఆ రోజు లెక్కలన్నీ ముందు పెట్టింది. యాభై నాలుగు సార్లు, రెండున్నర నుంచి, ఆమె కక్కడానికి ప్రయత్నించింది, మీరు చప్పట్లు కొట్టింది వాటికే, నేను నవ్వించింది వాటి మీదే అని చెప్పింది. సభ్యులు తలలు దించుకున్నారు. నిజంగానే బాధపడ్డారు. తర్వాత నివేదిక రాశారు.

అందులో ఇలా ఉంది. రింగ్ ఆ రోజు అరవై ఒక్కసార్లు లోపం లేకుండా పనిచేసింది. మరణానికి కారణం తాళంచెవి సమయానికి అందుబాటులో లేకపోవడం. తాళంచెవి ఉన్నందువల్లే దుర్వినియోగం, పోగొట్టుకోవడం, పెట్టె పగలగొట్టి సరుకు పాడుచేయడం వంటివి జరుగుతున్నాయి. కనుక అన్ని పరిశ్రమలకూ విస్తరించే రింగులు ఇకపై తాళంచెవి అవసరం లేని నమూనాలో ఉండాలి. ఆ నమూనా తయారీకి డాక్టర్ సలోమి గారి సేవలు కోరడమైనది. ఆమె ఒప్పుకోకపోతే వేరే లేబరేటరీలు సిద్ధంగా ఉన్నాయన్న సంగతి నివేదికలో లేదు. అది ఫోన్లో చెప్పారు.

నెలాఖరున మార్తమ్మ ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. ఆమెకు సొంతవాళ్లంటూ సలోమి ఒక్కతే. ఆమే ఇల్లు ఖాళీ చేస్తోంది. సాయం చేయడానికి ఏస్తేరు వచ్చింది.

డబ్బా మీద అరుణశిఖ ముద్ర. లోపల మూడు గిన్నెల స్టీలు క్యారియర్, తళతళలాడుతూ, ఇసుమంత గీత కూడా లేకుండా. మూత మీద మార్తమ్మ పేరు చెక్కి ఉంది. కంప్యూటర్ అచ్చువేసిన కార్డు ఒకటి: అభినందనలు. ఈ నెల మీ రింగ్ ఒకే రోజులో అత్యధిక రిఫ్లక్స్‌లను నిరోధించింది. ఆరోగ్యంగా తినండి, ఆనందంగా పనిచేయండి.

ఆ బహుమతికి లెక్కలు పంపే ప్రోగ్రామ్ సలోమి రాసిందే. మనిషి బతికి ఉందా అని అడిగే లైను అందులో లేదు.

ఏస్తేరు క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, గిన్నెలు ఒక్కొక్కటీ విప్పి, మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చింది. కొక్కెం వేసింది. ఆ పూట కూడా ఆమె హాలుకే పోవాలి.

"బాగుందక్కా," అంది. "దీన్నిండా అన్నం పెట్టుకుంటే ఎంతమందిమి తినొచ్చో." క్యారియర్ చేత్తో ఎత్తి చూసి అడిగింది. "ఎప్పుడు తినాలక్కా?"